ఇప్పలదిబ్బకు ముగ్గు పడవ

పైడి దామోదరం గారి ఆఫీసు గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులోనూ ఆయన ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. ఎదురుగా గుమాస్తాలుంటారు, వాళ్ళ మీద కన్నేసి ఉంచాలి కాబట్టి సముద్రాన్ని చూసే తీరిక చిక్కలేదు. మంగినపేట రేవులో పుట్టి పెరిగిన మనిషే అయినా, పిక్కలు తడిసేంత లోతుకి ఏనాడూ దిగలేదు. అటువంటి మనిషి చేత ప్రభుత్వం పడవ ప్రయాణాలకి నియమావళి రాయించింది. రాయించడంలో వింత లేదు. రాయడానికి ఆయన ఒప్పుకోవడంలో అసలే లేదు.

దీనికంతటికీ మూలం ఒక పెద్దమనిషి విదేశయాత్ర. అక్కడెక్కడో మొగుడూ పెళ్ళాం పిల్లలూ మోటారు పడవేసుకుని ఒడ్డు వెంబడే ఊరి నుంచి ఊరికి పోవడం ఆయన చూశారట. తిరిగొచ్చి, మనకీ సముద్రం ఉంది, మనకీ కుటుంబాలు ఉన్నాయి, రెంటినీ కలపకపోవడం మన తప్పు అన్నారు. వారం తిరక్కుండా 'ప్రతి కుటుంబం ఒక నౌక' అనే నినాదం గోడలకెక్కింది. 'కుటుంబ తీరయాన ప్రోత్సాహక కార్యాలయం' అనే బోర్డు దామోదరం గారి ఆఫీసుకెక్కింది. ముందు రోజు సాయంత్రం దాకా అది పశువుల సంతల పర్యవేక్షణ కార్యాలయం.

నారింజ రంగు మోటారు పడవలు రెండు లారీ మీద వచ్చాయి. నియమావళి పది రోజుల్లో కావాలన్నారు. దామోదరం గారు సంతల రూల్సు తీసి, ఎద్దు అన్న చోటల్లా పడవ అని దిద్ది, చాలనివి సిటీ బస్సు రూల్సులోంచీ లిఫ్టు రూల్సులోంచీ తెచ్చి అతికించి, తొమ్మిదో రోజుకే అరవై రెండు రూల్సు పైకి పంపేశారు. ఉప్పునీరు తగిలితే ప్రభుత్వ ఆస్తి పాడవుతుంది కనుక, ఆమోదం పొందిన ప్రయాణ ప్రణాళిక లేనిదే పడవకు ఉప్పునీరు తగలరాదని అందులో ఏడో రూలు. తర్వాత రెండేళ్ళలో ఒక్క ప్రణాళికా ఆమోదం పొందలేదు, ఒక్క ప్రమాదమూ జరగలేదు. ఆయన రిటైరైన రోజున శాలువా కప్పి అందరూ ఈ మాటే చెప్పారు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా.

ఆ శాలువా మడత పెడుతూనే నీలవేణమ్మ తన కోరిక బయటపెట్టింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆవిడ ఏదైనా అడగడం, ఆయన 'ప్రొసీజరు చూసి చెప్తాను' అనడం, అంతటితో ఆ సంగతి సమాధి కావడం ఇంట్లో మామూలే. ఈసారి మాత్రం ఆవిడ అడిగింది తన కోసం కాదు.

ఆవిడ అక్క అప్పలనరసమ్మ ఇప్పలదిబ్బలో ఉంటుంది. సముద్రం మీద పోతే ఐదు కోసుల దూరం. రోడ్డు మీదైతే మధ్యలో గెడ్డ సముద్రంలో కలిసేచోట వంతెన లేదు, చుట్టూ తిరిగి మూడు బస్సులు మారాలి. అప్పలనరసమ్మకి కళ్ళలో నీటికాసులు ముదిరాయి. ఉన్న చూపు ఇంకో రెండు నెలలకి మించి నిలవదని డాక్టరు చెప్పేశాడు. ఆవిడ దానికి పెద్దగా ఏడవలేదు గాని, చెల్లెలికి ఫోను చేసి ఒక్కటే అడిగింది. వాళ్ళ నాన్న ఉప్పు నావల మీద సరంగు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ దిబ్బ మీద కూచుని, ఆయన నావ దూరాన చుక్కలా మొదలై దగ్గరకొచ్చేదాకా కళ్ళప్పగించి చూసేవారు.

"బస్సు మీద రాకే నీలా. నాన్న వచ్చినట్టు సంద్రం మీంచి రా. చూపుండగా ఒక్కసారి అలగ చూసుకోవాలనుంది" అంది అప్పలనరసమ్మ.

నీలవేణమ్మ ఆ మాట మొగుడికి చెప్పి, చేపల ఎల్లాజి రోజూ ఇప్పలదిబ్బకి ఐసు వేసుకుపోతాడు కదా, అతని పడవలో కూచుని పోయొద్దాం అంది. దామోదరం గారు ఉలిక్కిపడ్డారు. చేపల పడవలో కుటుంబం ఎక్కకూడదని పన్నెండో రూలు, రాసింది తను. తనే తప్పితే లోకం నవ్వదా అన్నారు. శాలువా ఇంకా వేడిగా ఉందేమో, దర్జాగా ఇంకో మాట కూడా అనేశారు. రూల్సు రాసినవాడికి రూల్సు అడ్డమేమిటి, పదిహేను రోజుల్లో నారింజ పడవలో తీసుకెళ్తాను, మీ అక్కకి చెప్పెయ్యి అన్నారు. ఆవిడ చెప్పేసింది. అప్పలనరసమ్మ ఆ రోజు నుంచీ అరుగు మీద కుర్చీ వేయించుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చోవడం మొదలెట్టింది.

ఆఫీసులో ఇప్పుడు ఆయన కుర్చీలో త్రిలోచనరావు ఉన్నాడు. దామోదరం గారు చెయ్యి పట్టి పని నేర్పిన మనిషి. గురువుగారిని చూడగానే లేచి నిలబడ్డాడు, టీ తెప్పించాడు, కుశల ప్రశ్నలేశాడు. ఆ తర్వాత కూర్చుని, గొంతు మార్చి, సదరు దరఖాస్తుదారు తమ కుటుంబ ప్రయాణ ప్రణాళికను నిర్ణీత నమూనాలో నాలుగు ప్రతులుగా సమర్పించవలసిందిగా కోరాడు. ఎదురుగా దామోదరం గారు తప్ప ఇంకెవరూ లేరు. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, సదరు దరఖాస్తుదారు తనేనని గ్రహించారు.

నమూనా నలభై ఒక్క పేజీలు. కుటుంబంలో ఎవరు కెప్టెన్, ఎవరు ఉపకెప్టెన్, ఎవరు పరిశీలకులు. ఒక్కొక్కరు ఏ గంటకి ఏ దిక్కు చూస్తారు. ఎక్కడ ఏం తింటారు, తిన్నాక బరువు ఎంత పెరుగుతారు. దామోదరం గారు కెప్టెనయ్యారు, నీలవేణమ్మ ఉపకెప్టెనయింది. కుటుంబమంటే ముగ్గురికి తక్కువ కాకూడదని మూడో రూలు కాబట్టి, ఆయన చెల్లెలు చిట్టెమ్మని ఆమదాలవలస నుంచి పిలిపించి పరిశీలకురాలిని చేశారు. ఆవిడకి బస్సులోనే తిప్పుతుంది. పడమర వైపు చూసే పని ఇస్తే ఒడ్డు కనిపిస్తూ ఉంటుంది కదా అని సర్దిచెప్పారు.

నాలుగు రాత్రులు కూచుని ప్రణాళిక రాశారు. రాస్తూ మధ్యమధ్య 'ఈ ప్రశ్న ఏ వెధవ పెట్టాడు' అని పళ్ళు కొరకడం, మరుక్షణమే ఆ వెధవ ఎవరో గుర్తుకు రావడం జరిగేది. నీలవేణమ్మ పక్కగదిలోంచి నవ్వు ఆపుకోవడం ఆయనకి వినిపించేది.

పంతొమ్మిదో రూలు దగ్గర బండి ఆగింది. పడవ నేలకి తగలకుండా, దారిలో భూమి లేదని రెవెన్యూ వారి నుంచి ధ్రువపత్రం తేవాలి. గ్రామ రెవెన్యూ అధికారి నిదానమైన మనిషి. భూమి ఉందని రాయడం తన పని, లేదని రాయడం కాదన్నాడు. సముద్రానికి సర్వే నంబరు ఉందా అని అడిగాడు. లేదన్నారు దామోదరం గారు. నంబరు లేనిదాన్ని తన ఆఫీసు గుర్తించదని, గుర్తించనిదానిలో ఏముందో ఏం లేదో తనకెలా తెలుస్తుందని అతను ఎంతో మర్యాదగా అడిగాడు. ఎనిమిది రోజులు తిరిగాక జాలిపడి, ఒడ్డుకి వచ్చి, కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, 'నా కనుచూపు మేరకు భూమి కనబడలేదు' అని రాసి ముద్ర వేశాడు. ఆ వెంటనే త్రిలోచనరావు, ఆటుపోట్ల పట్టిక గడువు దాటింది, కొత్తది తెమ్మన్నాడు. పట్టికకి పదిహేను రోజుల గడువు పెట్టిందీ, పరిశీలనకి ఇరవై ఒక్క రోజులు పెట్టిందీ ఒక్క చెయ్యే. ఆ చెయ్యి ఇప్పుడు నెత్తి మీదికి పోయింది.

ఇలా నలభై రోజులు గడిచాయి. ఇప్పలదిబ్బ నుంచి ఫోను వచ్చినప్పుడల్లా నీలవేణమ్మ వరండాలోకి పోయి మాట్లాడేది. అక్కకి ఇప్పుడు పక్కల చూపు పోయిందట, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే తెలుస్తోందట. ఆ సంగతి విన్న రోజు దామోదరం గారికి అన్నం సహించలేదు. తన మాట మీద ఒక ముసలిమనిషి మిగిలిన చూపంతా సముద్రానికి అప్పగించి కూచుందని తలచుకుంటే సిగ్గేసింది. మర్నాడు ఆఫీసుకి పోయి జీవితంలో మొదటిసారి బతిమాలుకున్నారు. త్రిలోచనరావు కరిగాడు. ప్రణాళిక ఆమోదించబడిందని, బుధవారం ఉదయం ఎనిమిది గంటలకు కుటుంబసమేతంగా హాజరు కావలసిందని చెప్పాడు. దామోదరం గారు పరుగున ఇంటికొచ్చి బుధవారం పదకొండింటికల్లా వస్తున్నామని వదినగారికి ఫోను చేయించారు.

బుధవారం ముగ్గురూ పులిహోర పొట్లాలతో వెళ్ళేసరికి నారింజ పడవలు షెడ్డులోనే, టార్పాలిన్ కింద ఉన్నాయి. ఆఫీసు ఆవరణలో త్రిలోచనరావు ఈలా, గొడుగూ, రిజిస్టరూ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముప్పై ఒకటో రూలు ప్రకారం ముందుగా శుష్కయానం జరగాలని గుర్తుచేశాడు. అంటే ప్రయాణం మొత్తాన్నీ, రాకతో పోకతో సహా, అదే సమయంలో, అదే తిండితో, నేల మీద చేసి చూపించాలి. దామోదరం గారికి ఆ రూలు రాసినట్టు లీలగా గుర్తుంది. సంతకి తెచ్చిన ఎద్దుని కొనేముందు నడిపించి చూడాలనేది దానికి మాతృక.

నేల మీద పడవ గీయడానికి ఆఫీసులో సుద్ద లేదు. నీలవేణమ్మ నిట్టూర్చి, ఎదురింట్లోంచి గుప్పెడు ముగ్గుపిండి తెచ్చి, నాలుగు వేళ్ళ మధ్య నుంచి జారవిడుస్తూ ఎంతో అందంగా పడవ వేసింది. అలవాటు కొద్దీ అంచున చిన్న తీగ కూడా లాగింది. ఆమోదించిన నమూనాలో తీగలు లేవని త్రిలోచనరావు చెరిపించాడు. మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముగ్గురికీ నారింజ లైఫ్ జాకెట్లు తొడిగారు. ఈల మోగింది.

మూడు గంటలు ఎండలో సముద్రం మీద పోయారు. త్రిలోచనరావు గట్టు మీద నిలబడి, ఎడమవైపు నుంచి ఒక అల వచ్చుచున్నది, కుటుంబ సభ్యులు తగు విధముగా ఊగవలసినదిగా కోరడమైనది అనేవాడు. వీళ్ళు ఊగేవారు. చిట్టెమ్మ పడమర వైపు చూస్తూ చూస్తూ గంటకల్లా వాంతి చేసుకుంది. దాన్ని రిజిస్టరులో సంతృప్తికర ఫలితం కింద రాసుకున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. వాళ్ళలో ఎల్లాజి కూడా ఉన్నాడు. ఐసు పెట్టె నెత్తిన పెట్టుకునే కాసేపు నిలబడి, అర్థం కాక, వీళ్ళకి దండం పెట్టి రేవులోకి దిగిపోయాడు.

పదకొండయింది. ఈల మళ్ళీ మోగింది. ఇప్పలదిబ్బ చేరుకున్నామని, అరగంట విరామమని త్రిలోచనరావు ప్రకటించాడు. దామోదరం గారు చెమట తుడుచుకుంటూ, మరి అసలు ప్రయాణం ఎప్పుడని అడిగారు. త్రిలోచనరావు నిజంగా తెల్లబోయాడు.

"ఇదే కదండీ అసలు ప్రయాణం. ప్రణాళిక అక్షరాలా అమలైన యానాన్ని యానముగానే నమోదు చేయవలెనని నలభై నాలుగో రూలు. కుటుంబానికి ఏడాదికి ఒక్కటే అని నలభై అయిదు. దుర్వినియోగం కాకూడదని తమరే పెట్టించారు. నేను శుద్ధప్రతి రాశాను సార్, తమరి దస్తూరీ నాకు ఇప్పటికీ గుర్తుంది."

కుర్చీలోంచి వెనక్కి తిరిగి భార్య ముఖం చూసే ధైర్యం దామోదరం గారికి చాలలేదు.

నీలవేణమ్మ లేచింది. లైఫ్ జాకెట్టు విప్పి కుర్చీకి తగిలించింది. "ఇప్పలదిబ్బ వచ్చీసింది కదేటి. నేను దిగిపోతన్నాను" అని, ముగ్గు దాటి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రేవు వైపు నడిచిపోయింది.

త్రిలోచనరావు ఈల మీద ఈల వేశాడు. ముగ్గుపిండి చాలక రేవు గియ్యలేదు. రేవు లేని చోట అడుగు పెట్టిన మనిషి నీళ్ళలో పడినట్టే. రిజిస్టరు తెరిచి, ఉపకెప్టెన్ నీట పడుట, సమయం పదకొండు గంటల నాలుగు నిమిషములు అని రాసుకున్నాడు. తప్పిపోయిన కుటుంబ సభ్యురాలు దొరికేవరకు కెప్టెన్ పడవ విడిచి పోరాదని యాభై రెండో రూలు చదివి వినిపించాడు. దామోదరం గారు లేవబోయి, ఆ రూలు వినగానే కూర్చుండిపోయారు. ఎంత కాదన్నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసు.

ఆఫీసు మెట్ట మీద ఉంది. ఆవరణలోంచి సముద్రం పరిచినట్టు కనిపిస్తుంది. పావుగంటకి ఎల్లాజి పడవ అలలు దాటి బయటపడింది. ఐసు పెట్టెల మధ్య నీలవేణమ్మ కూర్చుని ఉంది. దామోదరం గారు వేలు పెట్టి చూపించి, అదిగో ఆవిడ, క్షేమంగా ఉంది, దొరికినట్టే కదా అన్నారు. త్రిలోచనరావు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఆవిడేనని ఒప్పుకున్నాడు. అయితే ఏ పడవలోంచి పడిన మనిషి ఆ పడవలోకే తిరిగి చేరితేనే దొరికినట్టని అదే రూలు కింద వివరణ ఉందన్నాడు. తప్పిపోయిన ఎద్దు పక్కవాడి కొట్టంలో కనిపిస్తే దొరికినట్టు కాదని సంతల రూల్సులో ఉండేది. ఆ వివరణ రాసిన రోజు సెక్షనంతా శభాష్ అన్న సంగతి దామోదరం గారికి గుర్తొచ్చింది. కుర్చీలో ఇంకొంచెం కిందికి జారారు.

చిట్టెమ్మ నిద్రపోయింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఒంటిగంటకి ఆయన ఫోను మోగింది.

"అక్క చూసీసిందండీ" అంది నీలవేణమ్మ. "పడవ చుక్కంత ఉన్నప్పుడే పట్టీసిందట. దగ్గరకొచ్చాక నా పేరు పెట్టి పిలిచింది. ఇంకా సంద్రం వేపే చూస్తంది. మీ ఆయన ఎనక పడవలో వస్తన్నాడా అని అడుగుతంది. నన్నేటి చెప్పమంటారు?"

దామోదరం గారు ఉన్న సంగతి చెప్పారు. ముగ్గు సంగతీ, యాభై రెండో రూలు సంగతీ, దాని కింది వివరణతో సహా. చెప్తుంటే తన గొంతు తనకే ఎవరో గుమాస్తా గొంతులా వినిపించింది. అవతల ఫోను చేతులు మారింది.

"మరిదీ" అంది అప్పలనరసమ్మ, "ముగ్గు దాటితే తడిసిపోతావేటి? ఎల్లాజి మళ్ళా ఐసు కోసం అటే వస్తన్నాడు. నాకు పొద్దు వాలితే ఏటీ అవుపించదు. బేగొచ్చీ."

ఆయన లేచి నిలబడ్డారు. త్రిలోచనరావు ఈల నోట్లో పెట్టుకున్నాడు. దామోదరం గారు కళ్ళు మూసుకుని, కుడికాలు ఎత్తి, ముగ్గుకి అవతల పెట్టారు. పెట్టి, చెప్పు తడిసిందేమోనని వంగి చూసుకున్నారు. చూసుకున్నందుకు ఆయనకే నవ్వొచ్చింది. వెనక ఈల మోగుతూ ఉండగానే, కెప్టెన్ సైతం నీట పడుట అన్న మాటలు త్రిలోచనరావు పైకే చదువుకుంటూ రాసుకుంటున్నాడు. చెల్లెల్ని ఎదురింటివాళ్ళకి అప్పగించి, ఆయన రేవులోకి పరిగెత్తారు.

ఎల్లాజి వచ్చి ఐసు ఎక్కించుకునేసరికి మూడయింది. పడవ ఒడ్డుకి రాదు, అలల అవతల ఊగుతోంది. "ఈడికే రావాల బాబూ, నడుం లోతే" అన్నాడు. దామోదరం గారు ప్యాంటుతో చెప్పులతో దిగారు. మొదటి అల మొహం మీద కొట్టింది, ఉప్పు నోట్లోకి పోయింది, చెప్పులు రెండూ పోయాయి. ఎల్లాజి చంకల కింద చేతులేసి ఐసు పెట్టెల మీదికి లాగాడు. నియమావళిలో ఎడమవైపు అల, కుడివైపు అల అని విడివిడిగా ఉన్నాయి. ఇక్కడ అన్ని వైపుల నుంచీ ఒకేసారి వచ్చాయి. దారి పొడవునా ఆయన పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకున్నారు. ఏ దిక్కుకి చూడాలో ప్రణాళికలో ఎంత వివరంగా రాసుకున్నా, చూడగలిగింది కిందికే.

ఇప్పలదిబ్బ దగ్గరకొచ్చేసరికి ఆయన కాళ్ళలో నిలబడే సత్తువ లేదు. పొద్దు ఇంకా బారెడు ఉంది. ఎల్లాజి నీళ్ళలోకి దూకి, ఆయన్ని భుజానేసుకుని ఒడ్డు వైపు నడిచాడు. తలకిందులుగా వేలాడుతూ దామోదరం గారు ఇసుకనీ, ఇసుక పైన దిబ్బనీ, దిబ్బ మీద అరుగునీ, అరుగు మీద కుర్చీ అంచున ముందుకి వంగి చూస్తున్న వదినగారినీ చూశారు. పక్కన భార్య ఉంది. వదినగారి గొంతు గాలిలో స్పష్టంగా వినిపించింది.

"ఏటే నీలా, ఎల్లాజి ఏదో తడిసిన బస్తా మోసుకొస్తన్నాడు?"

"బస్తా కాదక్కా. నీ మరిది."

అప్పలనరసమ్మ కళ్ళు చిట్లించుకుని ఇంకోసారి చూసింది.

"అయితే నాకు సరిగ్గానే అవుపించాడు" అంది.